నాలుగో మేడ

బస్సు డ్రైవరు నాలుగో మేడను మొదటిసారికే దాటేశాడు. దాటి, సంతోషించాల్సింది పోయి, చేతిలోని కంట్రోలరును బల్ల మీద పెట్టి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది మా ఆట కాదమ్మా," అన్నాడు.

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

టీచరమ్మ అసలు టీచరే కాదు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఆటలో మనిషి ఎలా కదలాలో ప్రోగ్రామ్ రాయడం ఆమె పని. ఎంత ఎత్తు గెంతాలి, ఎంతసేపు గాలిలో ఉండాలి, బటన్ నొక్కిన ఎంతసేపటికి గొడుగు తెరుచుకోవాలి, ఇవన్నీ ఆమె లెక్కలు. ఆ లెక్కల జోలికి ఎవరు వచ్చినా నిలబెట్టి అరగంట పాఠం చెప్తుంది కాబట్టి ఆఫీసులో వాళ్లు ఆ పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలియదనుకుంటారు. తెలుసు. లోలోపల కాస్త ఇష్టం కూడా.

ఆట పేరు 'గొడుగు తాత'. ముప్పై ఏళ్ల కిందట, నాణెం వేస్తే ఆడే మనిషెత్తు పెట్టెల్లో ఉండేది. ఉత్తరాల సంచీ భుజాన వేసుకున్న ముసలి పోస్ట్‌మాన్ మేడ మీంచి మేడ మీదికి గెంతుతాడు, గాలిలో గొడుగు తెరుస్తాడు, కాకి పొడిచేలోపు డబ్బాలో ఉత్తరం వేసి ముందుకు పోతాడు. అంతే కథ. అప్పట్లో తాతంటే పట్టుమని పదహారు చుక్కల ఎత్తు. ముక్కుకు ఒక చుక్క, మీసానికి రెండు. ఇప్పుడు ఈ కంపెనీ ఆ ఆటను ఇంట్లో టీవీకి తగిలించుకునే కన్సోళ్ల కోసం కొత్త గ్రాఫిక్స్‌తో మళ్లీ తయారు చేస్తోంది. తాత మీసంలో ఇప్పుడు నాలుగు వందల వెంట్రుకలున్నాయి. ఒక్కోటీ గాలికి విడివిడిగా ఊగుతుంది. ఇదంతా బొమ్మలావిడ చేతి చలవ. ఆమెకు ఆరునెలలు పట్టింది, కళ్లజోడు నంబరు కూడా పెరిగింది.

ఆ సోమవారం పొద్దున, చిన్నప్పుడు ఈ ఆట ఆడి పేరు తెచ్చుకున్న ఎనిమిది మందిని వెతికి పట్టుకుని ఆఫీసుకు పిలిపించారు. అందరూ నడివయసు వాళ్లే. వాళ్లలో బస్సు డ్రైవరు పెద్ద నోరున్న మనిషి. మిగతా ఏడుగురు మొహమాటానికి బాగుంది బాగుంది అంటుంటే, ఆయన ఉన్నమాట మొహం మీదే అనేశాడు.

"ఏం తేడా కనిపించింది సార్ మీకు?" అంది టీచరమ్మ, గొంతు అదుపులో పెట్టుకుని.

"బొమ్మలు మాత్రం అదిరిపోయాయి, కాదనను. కానీ తాత నీళ్లలో గెంతినట్టు గెంతుతున్నాడు. మా రోజుల్లో నాలుగో మేడ దాటినవాడికి పేట పేటంతా టీ ఇప్పించేది. నేను దాటడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు చూడండి, ఇరవై ఏళ్లుగా చెయ్యి పెట్టకపోయినా ఒక్క దెబ్బకి దాటేశా. ఇందులో మజా ఏముంది?"

"చిన్నప్పుడు మీ చేతులు చిన్నవి సార్. భయం ఎక్కువ. అందుకే అంత వేగంగా ఉన్నట్టు గుర్తుండిపోయింది."

"నేను బస్సు నడుపుతానమ్మా. వేగం సంగతి నాకు చెప్పకు."

మిగతా ఏడుగురూ నవ్వారు. ఆ నవ్వులోనే వాళ్ల అభిప్రాయం కూడా బయటపడిపోయింది.

వాళ్లు వెళ్లిపోయాక మేనేజరు ఆమెను తన గదిలోకి పిలిచాడు. మేనేజరు ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు. 'గొడుగు తాత' పెట్టెను కంటితో కూడా చూసినవాడు కాడు. ఆ ముక్క ఆమె అతనికి గుర్తు చేయని వారం లేదు.

"ఇది రెండోసారి. పోయిన నెల వచ్చినవాళ్లూ ఇదే అన్నారు," అన్నాడతను. "శుక్రవారం మధ్యాహ్నం వాళ్లను మళ్లీ పిలుస్తున్నా. సాయంత్రం ఆట కన్సోల్ కంపెనీకి పరీక్షకు వెళ్లాలి. అప్పుడు కూడా ఇది మా ఆట కాదంటే, గొడుగు పని మీ చేతుల్లోంచి తీసి వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అన్న మాటకు మించి అనుకోవాల్సిన మాట భాషలో లేదు. గొడుగు లేకపోతే ఈ ఆఫీసులో ఆమెకు మిగిలేదేమిటి? ఈ ఉద్యోగం వచ్చిందే గొడుగు వల్ల. ఇంటర్వ్యూలో ఆమె డిగ్రీ ఎవరూ అడగలేదు. తొమ్మిదేళ్ల వయసులో మామయ్య కొట్లో 'గొడుగు తాత' మీద నలభై రెండు వేల ఎనిమిది వందల పాయింట్లు కొట్టానని చెప్పింది, అంతే, బల్లకు అవతల కూర్చున్నవాళ్లు లేచి నిలబడినంత పని చేశారు. ప్రపంచంలో ఎవరికి ఏం తెలిసినా తెలియకపోయినా, ఈ ఒక్క ఆట తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బతుకులో గట్టిగా చెప్పుకోగలిగింది ఆమెకు ఇదొక్కటే.

పైగా ఆమె గాలిలో మేడలు కట్టలేదు. రుజువుంది. పాత ఆట తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ప్రోగ్రామ్ కాగితాలు లేవు, పెట్టెలు దాదాపు అన్నీ తుక్కు కిందికి పోయాయి. ఎక్కడ వెతికినా దొరికింది ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు ఒక్కటే, అదీ మామయ్య దగ్గర. ఆమె స్వయంగా వెళ్లి దాన్ని పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. టీవీకి తగిలించి, ఆడి, వీడియో తీసి, ఒక్కో బొమ్మనూ ఆపి ఆపి కొలిచింది. ఎన్నో బొమ్మ దగ్గర తాత పాదం మేడను వదిలింది, ఎన్నో బొమ్మ దగ్గర గొడుగు విచ్చుకుంది, అన్నీ ఒక పట్టికలో రాసి గోడకు అతికించింది. పదకొండు వందల అంకెలు. ఆ పట్టిక ఆ ఆఫీసులో శిలాశాసనం. గొడుగు విచ్చుకునే తీరు దానితో సరిపోలేదని బొమ్మలావిడ చేత నాలుగుసార్లు మళ్లీ గీయించింది. నాలుగోసారి బొమ్మలావిడ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

సౌండాయనతో గొడవైతే ఇంకా పెద్దది. ఆయనకు పాటలో వెంట్రుకవాసి తేడా వచ్చినా నిద్రపట్టదు.

"మేడమ్, మీ బోర్డులో పాట కిందికి పలుకుతోంది," అన్నాడొకరోజు. "నేను చిన్నప్పుడు విన్న పాట ఇంకో స్వరం పైన ఉండేది. ఇదేదో జలుబు చేసినవాడు పాడినట్టుంది."

"చిన్నప్పుడు విన్నది ఇప్పుడెలా గుర్తుంటుందండీ?"

"నాకు ఉంటుంది. ఒకసారి బోర్డు మూత తియ్యనివ్వండి, లోపల చూస్తా."

అంతే, ఆమె ఒంటికాలి మీద లేచింది. ప్రపంచం మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క బోర్డు, ముప్పై ఏళ్ల పాతది, దాని మీద స్క్రూడ్రైవరు పెడితే ఊరుకునేది లేదంది. మూత మీద ఎర్ర టేపు అంటించి 'ముట్టుకోరాదు' అని రాసింది. పాట కూడా బోర్డులో ఎలా ఉంటే అలాగే ఉండాలని స్వరం కిందికి దింపించింది. ఆయన పళ్లు కొరుక్కుంటూ దింపాడు.

ఇంత చేస్తే, చివరికి ఒక బస్సు డ్రైవరు వచ్చి ఇది మా ఆట కాదంటాడా?

మంగళవారమంతా ఆమె బుర్ర బద్దలు కొట్టుకుంది. వీడియోలు మళ్లీ చూసింది. పట్టికలో పదకొండు వందల అంకెలూ మళ్లీ సరిచూసింది. ఒక్కటీ తప్పు లేదు. తప్పు లేకపోయేసరికి కోపం రెండింతలైంది, ఎందుకంటే తప్పుంటే దిద్దుకోవచ్చు. ఒప్పును ఏం చేసుకోవాలి? ఆమె తొమ్మిది వేళ్లతో టైపు చేస్తుంది, కుడి చూపుడువేలు సగానికి మించి వంగదు. ఆ రోజు ఆ తొమ్మిది వేళ్లూ కీబోర్డు మీద దరువు వేస్తుంటే పక్క బల్లల వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. మధ్యలో మామయ్య ఫోన్ చేశాడు.

"అమ్మడూ, పనిలో ఉన్నావా? ఆ ఆట సంగతి ఒకటి నీతో..."

"మామయ్యా, తల ప్రాణం తోకకొస్తోంది ఇక్కడ. తర్వాత మాట్లాడతా," అని పెట్టేసింది. ఈ మూడు నెలల్లో ఆయన అలా ఆట సంగతంటూ ఫోన్ చేయడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఆమె ఇదే జవాబు చెప్పింది.

బుధవారం పొద్దున మెలకువ వస్తూనే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆ బోర్డు తీసిన ఖాళీ పెట్టె ఇంకా మామయ్య దగ్గరే ఉంది. దాని పక్కన మామయ్య స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం ఉంటుంది, ఆమె పాయింట్లు, తేదీతో సహా. కాగితాన్నీ మామయ్యనూ తీసుకెళ్లి మేనేజరు ముందు నిలబెడితే సరి. ఆ పెట్టెను పదిహేనేళ్లు నడిపిన మనిషి కంటే పెద్ద సాక్షి ఎవరు? ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి బయల్దేరింది.

మామయ్య కొట్టు ఇప్పుడు ఆటల కొట్టు కాదు. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే గది. గోడలకు వరసగా మేకులు, మేకులకు వైరు చుట్టలు. ఎనిమిది పెట్టెలుండే చోట ఒక్కటి మిగిలింది, అదీ పొట్టలో బోర్డు లేకుండా, పైన మిక్సీ జార్లు మోస్తూ మూల నిలబడింది. మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఒక ఫ్యానుకు తీగ చుడుతున్నాడు.

"నువ్వా! ఫోన్ చేస్తే ఎత్తవు, చెప్పకుండా ఊడిపడతావు," అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి తీగచుట్ట పక్కన పెట్టాడు. "ఏమైంది అమ్మడూ?"

ఆమె నిలబడే మొత్తం కక్కేసింది. బస్సు డ్రైవరు, మేనేజరు, శుక్రవారం, గొడుగు. చెబుతూ చెబుతూ పెట్టె దగ్గరకు వెళ్లి పక్కనున్న కాగితాన్ని గోటితో ఊడదీయసాగింది. "నువ్వు నాతో రావాలి మామయ్యా. వచ్చి వాళ్లకి చెప్పాలి. ఆట ఇలాగే ఉండేదని, ఇదే వేగమని. నువ్వు చెబితే నోరు మూసుకుంటారు."

 మామయ్య లేచి అలమర పై అరలో చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడినుంచి ఒక చిన్న రేకు డబ్బా తీశాడు, ఒకప్పుడు తలనొప్పి మందున్న డబ్బా. మూత తీసి ఆమె అరచేతిలో ఒంపాడు. గోరంత లోహపు ముక్క, కింద రెండు కాళ్లు, పైన సన్నగా పది అనే అంకె.

"ఇదేంటి?"

"ఆ బోర్డులో అసలుండాల్సిన క్రిస్టల్. లోపల ప్రోగ్రామ్‌కి ఎంత వేగంగా నడవాలో చెప్పేది ఇదే."

"మరి ఇప్పుడున్నది?"

"పాడైపోయిన కలర్ టీవీలోంచి పీకింది. తొమ్మిదికి కాస్త తక్కువ ఉంటుంది దాని మీద. అది పెడితే తొమ్మిది సెకన్లలో అయ్యేది పది సెకన్లు పడుతుంది." మామయ్య రేకు డబ్బా మూత మళ్లీ పెట్టాడు. "నేనే మార్చాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరిదో ఇస్త్రీపెట్టె పక్కకు నెట్టి స్టూలు మీద కూర్చుంది. పాట జలుబు చేసినట్టుందన్న సౌండాయన గుర్తొచ్చాడు. నీళ్లలో గెంతినట్టన్న డ్రైవరు గుర్తొచ్చాడు. ఎర్ర టేపు గుర్తొచ్చింది.

"ఎందుకు?"

మామయ్య ఆమె కుడిచేతి చూపుడువేలు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ వేలు నలిగింది ఈ కొట్టు షట్టరు కిందే. ఆ రోజు షట్టరు లాగింది మామయ్యే, ఆమె అక్కడ చెయ్యి పెట్టి ఉందని చూసుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"కట్టు విప్పాక నువ్వు మళ్లీ ఆడటం మొదలుపెట్టావు," అన్నాడు. "వేలు వంగేది కాదు. బటన్ నొక్కేసరికి తాత కింద పడేవాడు. రోజూ నాలుగో మేడ దగ్గరే. ఇరవై రోజులు చూశాను. నువ్వు ఏడ్చేదానివి కూడా కాదు, పడిన ప్రతిసారీ వేలును ఎడమచేత్తో వంచి చూసుకునేదానివి. నాకు అన్నం సయించేది కాదు. ఒక ఆదివారం కొట్టు మూసి క్రిస్టల్ మార్చేశా. మర్నాడు నువ్వు దాటావు. ఎగిరి గంతేసి నా మెడ పట్టుకున్నావు."

"తర్వాతైనా మళ్లీ మార్చొచ్చుగా?"

"మారుద్దామనే అనుకున్నా. నువ్వు రోజూ గెలుస్తుంటే చెయ్యి రాలేదు."

"బోర్డు తీసుకెళ్లిన రోజైనా చెప్పొచ్చుగా మామయ్యా!" ఆమె గొంతు పెరిగింది. "మూణ్నెల్లు! పదకొండు వందల అంకెలు! అందర్నీ కాల్చుకు తిన్నాను ఆఫీసులో!"

"చెప్పనిచ్చావా? వచ్చావు, ప్రపంచంలో మిగిలింది మన బోర్డొక్కటే మామయ్యా అన్నావు, ఎత్తుకుపోయావు. నాలుగుసార్లు ఫోన్ చేశా. తల ప్రాణం తోకకొస్తోందన్నావు."

 జవాబు లేని కోపమంత పాడు కోపం ఇంకోటి ఉండదు. అది మామయ్య మీద నిలవలేదు, ఆమె మీదికీ తిన్నగా రాలేదు, గదంతా కలియతిరిగి చివరికి చేతిలో సగం ఊడిన కాగితం మీద పడింది. నలభై రెండు వేల ఎనిమిది వందలు. అంకెల కింద మామయ్య ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశాడు.

"అంటే ఇదంతా ఉత్తిదే," అంది. "నేను గెలవలేనని నువ్వే తీర్మానించేశావు."

"గెలవలేవని కాదు అమ్మడూ. చూడలేకపోయాను."

ఆమె కాగితాన్ని మళ్లీ పెట్టెకు అంటించబోయింది. జిగురు ఎండిపోయింది, నిలవలేదు. మడిచి సంచిలో వేసుకుని, రేకు డబ్బా పిడికిట్లో పట్టుకుని, వస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచింది.

ఆ రోజు ఆఫీసుకు పోలేదు. ఇంట్లో డబ్బా ముందు పెట్టుకుని ఆలోచించింది. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. శుక్రవారం గొడుగు ఎలాగూ పోతుంది. పోతేపోయింది, టీచరమ్మ పట్టుదల మనిషి, ఆమె మాటే నెగ్గలేదు పాపం అనుకుంటారు. ఇంకో దారి కూడా కనిపించింది. లెక్కల్ని గుట్టుచప్పుడు కాకుండా వేగంగా మార్చేసి, డ్రైవరు మాట మీద గౌరవంతో మార్చానని చెప్పొచ్చు, అప్పుడు పరువుకు పరువు, గొడుగుకు గొడుగు. రెండూ బాగానే ఉన్నాయి. కానీ బొమ్మలావిడ రెండు రోజులు మాట్లాడకపోవడం గుర్తొచ్చింది. దింపించిన పాట గుర్తొచ్చింది. రెండు దారులూ ఆమెకు రోతపుట్టాయి.

గురువారం పొద్దున అందరూ వచ్చేవరకు ఆగి, బోర్డు తెచ్చి నడిమధ్య బల్ల మీద పెట్టింది. ఎర్ర టేపు తనే పీకింది.

"ఇది ఒకసారి తెరవండి," అంది సౌండాయనతో.

ఆయన ఆమె వంక అనుమానంగా చూసి స్క్రూడ్రైవరు తెచ్చాడు. నాలుగు మరలు విప్పి మూత తీసి, భూతద్దంతో తొంగిచూసి, తల పైకెత్తాడు. "ఇదెవడో మార్చాడు. ఇది టీవీ క్రిస్టల్!"

"మా మామయ్య మార్చాడు. నా కోసం." ఆమె రేకు డబ్బా ఆయన ముందు పెట్టింది. "నా వేలు వంగదని, నేను దాటలేకపోతున్నానని. ఆ సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు. డ్రైవరు చెప్పింది నిజం. మీరు చెప్పిందీ నిజమే. గోడ మీది పట్టిక మొత్తం తప్పు."

 బొమ్మలావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అంటే గొడుగు ఐదోసారి గీయాలి," అంది.

"గీయాలి."

"రేపటిలోగా."

"అవును."

"నిన్ను ఏం చేసినా పాపం లేదే టీచరమ్మా," అంది బొమ్మలావిడ. ఆ పేరుతో మొహం మీద పిలవడం అదే మొదటిసారి. గబగబా తన బల్ల దగ్గరకు వెళ్లి కుర్చీ లాక్కుంది.

మేనేజరు మొహం ఎర్రబడింది. మూడు నెలలు, అన్నాడు. మళ్లీ అదే మాట, మూడు నెలలు, అన్నాడు. ఇంకేమనాలో దొరకక తలుపు దబాలున వేసుకుని గదిలోకి పోయాడు. సౌండాయన మాత్రం ఒక్క దెప్పుమాట కూడా అనలేదు. టీవీ క్రిస్టల్ ఊడదీసి అసలుదాన్ని టంకం పెట్టి అతికించాడు. బోర్డుకు కరెంటు ఇచ్చి పాట మొదటి రెండు వరసలు వినగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నెల కిందట దింపమన్నప్పుడు పక్కన దాచుకున్న పాట ఫైలు బయటికి తీశాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'ఎప్పటికైనా'.

ఆ రోజంతా కొలతలే. టీచరమ్మ గోడ మీది పట్టిక చింపేసి కొత్త అంకెలు రాసింది. కొలవాలంటే ఎవరో ఒకరు ఆడాలి. నాలుగో మేడ దగ్గరికి వచ్చేసరికి ఆమె తాత పడిపోయాడు. ఇంకోసారి ఆడితే ఇంకోసారి పడ్డాడు. ఏడోసారికి సౌండాయన మెల్లగా ఆమె చేతిలోంచి బటన్ల పలక తీసుకుని తనే ఆడాడు. ఆమె పక్కన నిలబడి అంకెలు రాసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు, యూనిఫారంలోనే. వెనకాల మిగతా ఏడుగురు. డ్రైవరు కంట్రోలరు పట్టుకుని మొదటి మేడ గెంతగానే నిటారుగా కూర్చున్నాడు. నాలుగో మేడ దగ్గర పడ్డాడు. ఒక బూతుమాట అనబోయి ఆడవాళ్లున్నారని మింగేశాడు. మళ్లీ పడ్డాడు. పదకొండోసారి గొడుగు సరిగ్గా కాకి ముక్కు మీదుగా విచ్చుకుంది, కొత్త గొడుగు, బొమ్మలావిడ ఐదోసారి గీసినది, గాలికి గుడ్డ ఫట్‌మని నిండింది. తాత నాలుగో మేడ మీద నిలబడ్డాడు.

డ్రైవరు కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకు మేనేజరు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఇదీ! ఇదీ మా ఆట!" డ్రైవరు కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "నీ చేతికి దణ్ణం పెట్టాలమ్మా. మొన్న ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకు. అచ్చం అలాగే తెచ్చావు. నువ్వు కూడా దీన్ని దాటినదానివే అయ్యుంటావు, లేకపోతే ఇంత బాగా తెలియదు."

 బొమ్మలావిడ తల వంచుకుంది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"లేదు సార్," అంది టీచరమ్మ. "నేనెప్పుడూ దాటలేదు."

సాయంత్రం నాలుగింటికి ఆట పరీక్షకు వెళ్లిపోయింది. అందరూ కింద టీ తాగడానికి వెళ్లారు. గొడుగు ఆమె దగ్గరే ఉంటుందని మేనేజరు మెట్ల మీంచి వెనక్కి తిరిగి చెప్పాడు. మూడు రోజుల కింద ఆ మాట కోసం ఆమె ఏమైనా ఇచ్చేది. ఇప్పుడు తలూపి ఊరుకుంది. ఖాళీ గదిలో పెద్ద టీవీ ముందు కూర్చుని కంట్రోలరు తీసుకుంది. తాత మూడో మేడ మీంచి గెంతాడు. వేలు వంగేలోపు పడిపోయాడు. ఆమె ఎడమచేత్తో ఆ వేలిని వంచి చూసుకుంది. వంచుతూ, తను చేస్తున్న పని తనకే కనిపించి ఆపేసింది.

ఫోన్ మోగింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తి స్పీకరులో పెట్టి పక్కన పెట్టుకుంది.

"అమ్మడూ, కోపం తగ్గిందా?"

"లేదు."

"ఆట ఏమైంది?"

"నచ్చింది వాళ్లకి." ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఒకటో మేడ, రెండో మేడ, మూడో మేడ. పడిపోయిన చప్పుడు.

ఫోన్ అవతల మామయ్య ఆ చప్పుడు విన్నాడు. పదిహేనేళ్లు ఆ చప్పుళ్ల మధ్యే బతికిన మనిషి, చూడకుండానే తెలుస్తుంది ఆయనకు.

"నాలుగోదేనా?"

"నాలుగోదే."

"గొడుగు ఆలస్యంగా తీస్తున్నావు."

"తెలుసు!"

"అమ్మడూ, మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పి నీ ఒక్కదానికీ కాస్త..."

"మామయ్యా," అంది ఆమె, కళ్లు టీవీ మీంచి తిప్పకుండా, "ఈసారి నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. ఫోన్ కూడా పెట్టెయ్యొద్దు. ఊరికే విను."

సరేనన్నాడు మామయ్య. ఆమె బటన్ నొక్కింది. తాత మళ్లీ మొదటి మేడ ఎక్కాడు.